అస్థి, మనస్సు, వేదన: ఆస్టియోపతీ చరిత్ర

వేదన ద్వివిధం. ముల్లు గుచ్చుకున్న క్షణంలో కాలును వెనుకకు లాగించి, పని ముగియగానే తొలగిపోయేది ఒకటి. హెచ్చరిక ముగిసిన పిమ్మట కూడ నిష్క్రమించక, దేహగృహంలో తిష్ఠ వేసి కూర్చునేది మరొకటి. మొదటిది రక్షకం, రెండవది పీడకం. మూడు మాసాలకు మించి నిలిచే, లేదా మరల మరల వచ్చే నొప్పిని వర్తమాన వైద్యశాస్త్రం దీర్ఘకాలిక వేదన అని వ్యవహరిస్తుంది. దానిని అనుభవించే వారికి నొప్పి కంటె దుస్సహమైన మాట ఒకటుంది: "పరీక్షలలో ఏమీ లేదు." బాధ ప్రత్యక్షం, కారణం అప్రత్యక్షం. ఈ రెంటి నడుమ ఉన్న అగాధాన్ని పూడ్చడానికి గత నూట ఏబది సంవత్సరాలలో జరిగిన ప్రయత్నాలలో ఆస్టియోపతీ ఒకటి. దాని చరిత్రలో సత్యమూ ఉన్నది, అత్యుక్తీ ఉన్నది. జిజ్ఞాసువులకు రెండూ అధ్యయనయోగ్యాలే.

శోకజనితమైన ప్రశ్న

ఆస్టియోపతీ ప్రవర్తకులైన ఆండ్రూ టేలర్ స్టిల్ 1828 ఆగస్టు 6న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో జన్మించారు. తండ్రి ఏబ్రమ్ స్టిల్ మెథడిస్టు మతబోధకులు, వైద్యులు కూడ. నాటి సరిహద్దు ప్రాంతాలలో వైద్యవిద్య అధికభాగం శిష్యరికం ద్వారానే లభించేది. ఆండ్రూ కూడ తండ్రి వద్దనే చికిత్సను అభ్యసించారు. తరువాత ఆ కుటుంబం కాన్సాస్ ప్రాంతంలో స్థిరపడి, అక్కడి షానీ ఆదిమజాతి ప్రజల మధ్య సేవ చేసింది. వారు దాస్యప్రథకు బద్ధవిరోధులు. అంతర్యుద్ధంలో ఆండ్రూ ఉత్తర రాష్ట్రాల పక్షాన నిలిచారు.

ఆ కాలపు ఔషధాల స్వరూపం తెలియనిదే స్టిల్ తిరుగుబాటు అర్థం కాదు. కాలొమెల్ అనే పాదరస లవణాన్ని నానావ్యాధులకు ధారాళంగా ఇచ్చేవారు. దాని వలన చిగుళ్ళు కుళ్ళి, దంతాలు ఊడిపోయేవి. నొప్పికి నల్లమందు, మద్యం శరణ్యాలు. రోగి వ్యాధి నుండి బయటపడినా, ఔషధవ్యసనం నుండి బయటపడడం దుర్లభంగా ఉండేది.

1864లో మెదడు, వెన్నుపాముల పొరలకు సోకే జ్వరవ్యాధి ఆ ఇంట ప్రవేశించింది. స్టిల్ దంపతులు ముగ్గురు సంతానాన్ని కోల్పోయారు. వైద్యులు శక్తివంచన లేకుండా శ్రమించారు, మతబోధకులు ప్రార్థించారు. వారి నిజాయితీపై తన విశ్వాసం చెదరలేదని స్టిల్ తదనంతరం ఆత్మకథలో వ్రాసుకున్నారు. వ్యక్తులను నిందించక, వారి చేతిలోని శాస్త్రమే అసంపూర్ణమని ఆయన నిశ్చయించారు. శోకం వైరాగ్యంగానో ద్వేషంగానో పరిణమించక అన్వేషణగా మారడం ఈ చరిత్రలో మొదటి మలుపు.

ఆ అన్వేషణ అస్థిపంజరంతో ఆరంభమయింది. ఎముకలను చేతితో స్పృశించి, కన్నులు మూసుకొని గుర్తించగలిగేంతవరకు ఆయన శరీరరచనను పరిశీలించారు. అయితే ఆ జ్ఞానం కొరకు ఆదిమవాసుల సమాధులను త్రవ్వించి కళేబరాలను సేకరించిన విషయమూ ఆయనే చెప్పుకున్నారు. మరణించిన వారి బంధువుల అనుమతి లేని ఆ చర్య అధర్మం. విద్య గొప్పదైనంత మాత్రాన దానిని ఆర్జించిన మార్గం నిర్దోషం కాజాలదు.

త్రాడుపై శిరస్సు, సిద్ధాంతానికి బీజం

స్టిల్ తన విద్యకు మూలంగా బాల్యంలోని ఒక చిన్న సంఘటనను పేర్కొన్నారు. సుమారు పదేండ్ల ప్రాయంలో తీవ్రమైన తలనొప్పితో బాధపడుతూ, రెండు చెట్ల నడుమ కట్టిన ఊయల త్రాడును నేలకు సమీపంగా దించి, దానిపై దుప్పటి మడిచి, మెడను ఆనించి పడుకున్నారు. నిద్ర పట్టింది. మేల్కొనేసరికి నొప్పి లేదు. ఇది నిరూపణ కాదు. తలనొప్పులు తమంత తాముగా శమించడం సహజమే. కాని దశాబ్దాల తరువాత స్టిల్ మదిలో అది ఒక ప్రశ్నగా మేల్కొన్నది: స్పర్శ, స్థితి, ఒత్తిడి అనేవి వేదనను మార్చగలిగితే, దేహరచనకూ దేహవ్యాపారానికీ నడుమ ఉన్న సంబంధం ఏమిటి?

1874 జూన్ 22ను తన నూతన సిద్ధాంతానికి ఆవిర్భావదినంగా ఆయన ప్రకటించుకున్నారు. ఆ సిద్ధాంతసారం మూడు విషయాలు. దేహం అవయవాల పోగు కాదు, ఒక అఖండమైన ఏకకం. రచన, క్రియ పరస్పరాధీనాలు. దేహానికి తనను తాను స్వస్థపరచుకొనే శక్తి స్వతఃసిద్ధం. రక్తప్రసరణకు, నాడీప్రవాహానికి కలిగిన ఆటంకాన్ని చేతులతో తొలగిస్తే ఆ శక్తి తన పని తాను చేసుకుంటుందని ఆయన బోధ. వ్యాధిని ఎవరైనా కనుగొనవచ్చును, స్వాస్థ్యాన్ని వెదకడమే వైద్యుని లక్ష్యమని ఆయన భావం.

కాన్సాస్‌లో ఈ భావాలకు ఆదరణ లభించలేదు. తన కుటుంబం భూమి ఇచ్చి తోడ్పడిన బేకర్ విశ్వవిద్యాలయంలోనే వాటిని వివరించడానికి ఆయనకు అవకాశం నిరాకరింపబడింది. మిసోరి రాష్ట్రంలోని కిర్క్స్‌విల్ అనే చిన్న పట్టణానికి చేరి, ఊరూరా తిరుగుతూ ఎముకలు సరిచేసే వైద్యునిగా జీవించారు. గ్రీకు భాషలో అస్థివాచకమైన 'ఆస్టియాన్', వేదనావాచకమైన 'పాథోస్' అనే పదాలను కలిపి తన విద్యకు 'ఆస్టియోపతీ' అని నామకరణం చేశారు. 1892లో అదే పట్టణంలో అమెరికన్ స్కూల్ ఆఫ్ ఆస్టియోపతీ ప్రారంభమయింది. వైద్యకళాశాలలు అనేకం స్త్రీలకు ద్వారాలు మూసి ఉంచిన ఆ రోజులలో, దాని మొదటి తరగతిలోనే స్త్రీలకు ప్రవేశం లభించింది. దూరప్రాంతాల నుండి రోగులు రైళ్ళలో కిర్క్స్‌విల్‌కు తరలిరాసాగారు. 1917 డిసెంబరు 12న స్టిల్ దివంగతులయ్యే నాటికి ఆ విద్య అట్లాంటిక్ సముద్రాన్ని దాటింది. ఆయన శిష్యులైన జాన్ మార్టిన్ లిటిల్‌జాన్ అదే సంవత్సరం లండనులో బ్రిటిష్ స్కూల్ ఆఫ్ ఆస్టియోపతీని నెలకొల్పారు.

అత్యుక్తి, సంస్కారం

ప్రతి దర్శనానికీ ఒక ప్రలోభం ఉంటుంది. తాను చూచిన అంశమే సర్వమని భావించడం ఆ ప్రలోభం. స్టిల్ దానిని జయించలేకపోయారు. సమస్త వ్యాధులకూ దేహరచనా వైకల్యమే మూలమని, ఔషధాలు దాదాపు అన్నీ త్యాజ్యాలని ఆయన వాదించారు. సూక్ష్మజీవుల వలన వ్యాధులు కలుగుతాయని నిరూపితమైన యుగంలో ఆ వాదం నిలువలేదు. శిష్యులు గురువును గౌరవిస్తూనే గురువాక్యాన్ని సంస్కరించుకున్నారు. అమెరికాలోని ఆస్టియోపతీ కళాశాలలలో ఔషధశాస్త్రం, శస్త్రచికిత్స క్రమంగా పాఠ్యభాగాలయ్యాయి. నేడు అక్కడ డి.ఓ. పట్టభద్రులు ఎం.డి. పట్టభద్రులతో సమానాధికారం గల పూర్ణవైద్యులు. బ్రిటన్ తదితర దేశాలలో మాత్రం ఆస్టియోపతీ హస్తచికిత్సకే పరిమితమైన వృత్తి. బ్రిటన్‌లో 1993 నాటి ఆస్టియోపతుల చట్టం దానిని నియంత్రిస్తుంది. ఒకే నామం రెండు దేశాలలో రెండు అర్థాలను వహిస్తున్నదని చికిత్స కోరేవారు గుర్తెరగాలి.

స్టిల్ శిష్యపరంపరలోని విలియం గార్నర్ సదర్లాండ్ 1939లో కపాలాస్థుల సూక్ష్మచలనాన్ని ఆధారం చేసుకొని మరొక శాఖను ప్రతిపాదించారు. కపాలాన్ని మృదువుగా స్పృశించి ఆ లయను గుర్తించవచ్చునని దాని సిద్ధాంతం. ఒకే రోగిని ఇద్దరు చికిత్సకులు పరీక్షించినప్పుడు ఒకే లయను నమోదు చేయలేకపోవడం వలన ఆ శాఖ ప్రామాణ్యం వివాదాస్పదంగానే మిగిలింది.

వేదన ఎక్కడ ఉన్నది?

ఇరువదవ శతాబ్ది మధ్యభాగంలో వేదనాస్వరూపంపై విచారణ మరొక దిశ నుండి సాగింది. రెండవ ప్రపంచయుద్ధంలో ఇటలీ రణరంగాన సేవ చేసిన అమెరికా వైద్యులు హెన్రీ బీచర్, తీవ్రంగా గాయపడిన సైనికులలో అత్యధికులు నొప్పి మందు అక్కరలేదనడం గమనించి, 1946లో ఆ విషయాన్ని ప్రచురించారు. యుద్ధభూమి నుండి ప్రాణాలతో బయటపడ్డామనే భావం వారి గాయానికి వేరొక అర్థాన్ని ఇచ్చింది. గాయపరిమాణం, వేదనాపరిమాణం సమానం కావని తేలింది.

1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ద్వారనియంత్రణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. వెన్నుపాములో ఒక ద్వారం వంటి వ్యవస్థ ఉన్నది. స్పర్శను మోసే స్థూలనాడీతంతువులు చైతన్యవంతమైతే ఆ ద్వారం కొంత మూసుకొని, నొప్పిని మోసే సూక్ష్మతంతువుల సందేశం క్షీణిస్తుంది. మెదడు నుండి దిగివచ్చే ఆజ్ఞలు కూడ దానిని తెరువగలవు, మూయగలవు. దెబ్బ తగిలిన చోటును అప్రయత్నంగా రుద్దుకోవడంలోని రహస్యం ఇదే. ఆ సిద్ధాంతపు వివరాలు కొన్ని తరువాత మారినా, స్పర్శ, మనఃస్థితి రెండూ వేదనను శాసిస్తాయన్న దాని మూలభావన నిలిచింది.

ఇటలీలో జన్మించి, మల్లయోధునిగా సంపాదిస్తూ చదువుకొని, మత్తువైద్యులైన జాన్ బొనికా ఈ భావనకు సంస్థాగతరూపం ఇచ్చారు. కుస్తీ గాయాల వలన ఆయన స్వయంగా దీర్ఘకాలిక వేదనను భరించినవారు. నొప్పిపై ఆయన రచించిన బృహద్గ్రంథం 1953లో వెలువడింది. వేర్వేరు శాఖల వైద్యులు, మనశ్శాస్త్రవేత్తలు ఒకే రోగి గురించి కలిసి ఆలోచించాలన్నది ఆయన సంకల్పం. 1973లో ఆయన చొరవతో ఏర్పడిన అంతర్జాతీయ వేదనాధ్యయన సంఘం 1979లో నొప్పిని నిర్వచిస్తూ, అది ఇంద్రియసంబంధి మాత్రమే కాదు, భావసంబంధి కూడ అయిన అనుభవమని పేర్కొన్నది.

ఇక్కడ భారతీయ జిజ్ఞాసువులకు ఒక పరిచితమైన పదం స్ఫురిస్తుంది. 'వేదన' అనే శబ్దం 'విద్' ధాతువు నుండి వచ్చింది. దాని మూలార్థం అనుభవం, ఎరుక. చరకసంహిత శారీరస్థానంలోని ప్రథమాధ్యాయం సుఖదుఃఖాలు రెంటినీ వేదనలుగానే పరిగణించి, వాటికి అధిష్ఠానం మనస్సు, ఇంద్రియసహితమైన దేహం అని తెలుపుతుంది. యోగంలోను, మోక్షంలోను సర్వవేదనలూ నివర్తిస్తాయని అక్కడే చెప్పబడింది. దీనిని బట్టి చరకుడు నాడీశాస్త్రాన్ని ముందుగానే చెప్పాడనడం మరొక అత్యుక్తి అవుతుంది. వేదనను అస్థిలో మాత్రమే వెదకడం చాలదన్న దృష్టి రెండు చోట్లా ఉన్నదని చెప్పడమే న్యాయం.

ప్రత్యక్షమైన సంబంధం ఒకటి 1979లో ఏర్పడింది. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రంలో జాన్ కబాట్-జిన్ ఒక సాధనాక్రమాన్ని ఆరంభించారు. ఇతర చికిత్సలు ఫలించని దీర్ఘకాలిక వేదనాగ్రస్తులు ఆ క్రమంలో చేరినవారిలో ఉన్నారు. బౌద్ధ ధ్యానసంప్రదాయం నుండి సాక్షిభావంతో కూడిన సావధానత, భారతీయ సంప్రదాయం నుండి హఠయోగాసనాలు అందులో చేరాయి. నొప్పిని పారద్రోలడం దాని ప్రథమలక్ష్యం కాదు. నొప్పి చుట్టూ అల్లుకున్న భయాన్ని, ప్రతిఘటనను గుర్తించి సడలించడం దాని మార్గం.

పరీక్షకు నిలిచినది ఎంత?

ఆస్టియోపతీ హస్తచికిత్సను నియంత్రిత పరీక్షలు అత్యుక్తి లేకుండా తూచాయి. 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించిన అధ్యయనంలో, కనీసం మూడు వారాలు, ఆరు మాసాలకు లోబడి నడుమునొప్పి ఉన్నవారికి ఒక వర్గంలో సాధారణ చికిత్స, మరొక వర్గంలో ఆస్టియోపతీ చికిత్స ఇచ్చారు. పన్నెండు వారాలకు ఇరువర్గాలూ దాదాపు సమానంగానే కోలుకున్నాయి. ఆస్టియోపతీ వర్గం వాడిన మందులు మాత్రం తక్కువ. 2021లో ఫ్రాన్సు పరిశోధకులు 400 మందితో జరిపిన పరీక్షలో, కృత్రిమ చికిత్స కంటె నిజమైన చికిత్సకు స్వల్పమైన ఆధిక్యమే కనిపించింది. అది రోగి జీవితంలో గణనీయమైన మార్పు అని చెప్పడానికి చాలలేదు.

2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ దీర్ఘకాలిక నడుమునొప్పికి మొదట ఔషధరహిత మార్గాలనే అవలంబించాలని సూచించింది. వ్యాయామం, బహుశాఖాయుత పునరావాసం, సావధానతాసాధన, యోగం, తాయ్ చీ, వెన్నెముక హస్తచికిత్స ఆ జాబితాలోనివి. నల్లమందు సంబంధమైన ఔషధాలకు చివరి స్థానమే లభించింది. మందులపై స్టిల్ ప్రకటించిన సర్వనిషేధం చెల్లలేదు. ఆయనను కలచివేసిన నల్లమందు భయం మాత్రం నిరాధారం కాదని అమెరికాలోని ఆధునిక ఓపియాయిడ్ విపత్తు మరల నిరూపించింది.

సమగ్రదృష్టి అనగా వైద్యపరీక్షను విడనాడడం కాదు. నడుమునొప్పితో పాటు కాళ్ళు చచ్చుబడినట్లు కావడం, మలమూత్రాలపై అదుపు తప్పడం, జ్వరం, అకారణంగా బరువు తగ్గడం సంభవిస్తే ముందుగా వైద్యుని ఆశ్రయించాలి. మెడను బలంగా త్రిప్పే చికిత్స వలన అరుదుగా రక్తనాళాలకు హాని కలుగవచ్చును. ఎముకలు పెళుసుబారినవారికి కూడ బలప్రయోగం అపాయకరం. చేతిచలువ గలవారని పేరు వినినంత మాత్రాన, శిక్షణ ఎరుగని వారికి వెన్నెముకను అప్పగించరాదు.

ఈ చరిత్ర అంతా పరికించినప్పుడు స్టిల్ విద్యలో కాలపరీక్షకు తట్టుకొని నిలిచిన అంశం అస్థిసిద్ధాంతం కాదని తెలుస్తుంది. రోగిని చేతితో స్పృశించి, దేహాన్ని అఖండంగా చూచి, అతని మాటను విశ్వసించిన వైఖరి నిలిచింది. దీర్ఘకాలిక వేదనాగ్రస్తునికి కొన్ని వేళల పూర్ణశమనం లభించకపోవచ్చును. వేదన ఉండగానే నడక, నిద్ర, పని, ఉపాసన తిరిగి సాధ్యం కావడం కూడ చికిత్సాఫలమే. "పరీక్షలలో ఏమీ లేదు" అని విని ఇంటికి మరలినవారి బాధ కల్పితం కాదని శాస్త్రమూ నేడు అంగీకరిస్తున్నది. వారి పక్కన ఉన్న కుటుంబం, ఆప్తులు కూడ అంతమాత్రం అంగీకరించగలిగితే, చికిత్సలో మొదటి మెట్టు ఇంటిలోనే ఆరంభమవుతుంది.