నేరం, భాష, తీర్పు: ఇంగ్లీషు న్యాయ పదజాలం వెనుక చరిత్ర

ఈ భాగం చదవడానికి ముందు ఒక చిన్న పని చేయండి. మీకు అందుబాటులో ఉన్న ఇంగ్లీషు దినపత్రికలో ఏదైనా నేర వార్త తీసుకుని, అందులో నేరానికీ న్యాయస్థానానికీ సంబంధించిన మాటల కింద గీతలు గీయండి. థీఫ్, స్టీల్, మర్డర్, గిల్టీ, విట్‌నెస్, అరెస్ట్, బెయిల్, జడ్జి, ప్రిజన్, అలిబీ, అఫిడవిట్ వంటివి కనిపిస్తాయి. అర్థాలు మీకు చాలావరకు తెలిసినవే. ఇవన్నీ ఒకే భాషకు చెందిన మాటలని కూడా మీరు అనుకుంటారు. నిజానికి ఇవి కనీసం మూడు భాషల నుంచి, మూడు వేర్వేరు కాలాల్లో వచ్చి చేరాయి. ఏ మాట ఎప్పుడు చేరిందో తెలుసుకుంటే, ఆ కాలంలో ఇంగ్లండులో ఎవరు ఎవరికి తీర్పు చెప్పేవారో కూడా తెలుస్తుంది. చరిత్ర విద్యార్థికి పదకోశం కూడా ఒక ఆధారమే.

వేలికి వెల కట్టిన కాలం

క్రీ.శ. 600 ప్రాంతంలో కెంట్ రాజు ఎథెల్‌బర్ట్ ప్రకటించిన శాసనాలు ఇంగ్లీషు భాషలో మనకు దొరికే తొలి చట్టాలు. వాటిని చదివితే అవి ఒక ధరల పట్టికలా ఉంటాయి. ఒకడు మరొకడి బొటనవేలు నరికితే 20 షిల్లింగులు ఇచ్చుకోవాలి. గోరు ఒక్కటే పోతే 3 షిల్లింగులు. ప్రాణానికి కూడా వెల ఉండేది. దానిని వెర్‌గిల్డ్ అనేవారు. చనిపోయినవాడి హోదాను బట్టి ఆ వెల పెరిగేది, తగ్గేది. అంటే నేరం ప్రధానంగా రెండు కుటుంబాల మధ్య తగాదా. పరిహారం చెల్లిస్తే పగ చల్లారుతుంది. చట్టం ఊరివాళ్ల భాషలో ఉంది. కనుక తన మీద ఏ నింద పడిందో, దానికి ఏం చెల్లించాలో అర్థం కాని మనిషి ఉండడు.

ఆ పాత ఇంగ్లీషు నుంచి నేటికీ నిలిచిన మాటలను చూడండి: థీఫ్, థెఫ్ట్, స్టీల్, గిల్ట్, ఓత్, విట్‌నెస్. విట్‌నెస్ అంటే మొదట 'తెలిసి ఉండటం' అని అర్థం. తెలిసినవాడే సాక్షి. షెరిఫ్ అనే మాట కూడా ఆనాటిదే. షైర్ అంటే జిల్లా వంటి ప్రాంతం, రీవ్ అంటే అధికారి. ఈ రెండూ కలిసి షెరిఫ్ అయింది. ఇక 'లా' అనే మాట స్వచ్ఛమైన ఇంగ్లీషు అనిపిస్తుంది గాని, సముద్రం దాటి దండెత్తి వచ్చి ఈశాన్య ఇంగ్లండులో స్థిరపడిన స్కాండినేవియన్ల నుంచి వచ్చింది. దోపిడీకి వచ్చినవాళ్లు చట్టం అనే మాటను ఇచ్చిపోవడం చరిత్రలో ఒక చమత్కారం.

1066 తరువాత

1066లో నార్మండీ ప్రభువు విలియం హేస్టింగ్స్ యుద్ధంలో గెలిచి ఇంగ్లండు రాజయ్యాడు. భూములు, మఠాలు, పదవులు అతని అనుచరుల చేతికి వెళ్లాయి. వాళ్లు మాట్లాడేది ఫ్రెంచి. రికార్డులు రాసేది లాటిన్. ఇంగ్లీషు పొలాల్లో, ఇళ్లలో మిగిలింది.

కొత్త పాలన ఎలాంటిదో తెలియడానికి మర్డర్ అనే ఒక్క మాట చాలు. పాత ఇంగ్లీషులో దీనికి దగ్గరి మాట ఉండేది. నార్మన్లు దానికి లాటిన్ రూపం ఇచ్చి 'మర్‌డ్రమ్' అన్నారు. మొదట అది రహస్యంగా చేసిన హత్య. క్రమంగా అది ఒక జరిమానా పేరు కూడా అయింది. ఎక్కడైనా ఒక శవం దొరికి, హంతకుడు పట్టుబడకపోతే, చనిపోయినవాడు నార్మన్ అని భావించి ఆ ప్రాంతం మొత్తం మీద జరిమానా వేసేవారు. తప్పించుకోవాలంటే, చనిపోయినవాడు ఇంగ్లీషువాడేనని ఊరివాళ్లు రుజువు చేయాలి. రుజువైతే జరిమానా లేదు. ఇక్కడ ఒక్కసారి ఆగి ఆలోచించండి. తమ ఊరిలో చంపబడ్డవాడు తమవాడే అని చెప్పుకుని ఊపిరి పీల్చుకోవలసిన పరిస్థితి అది. 1170ల చివర రాజు ఖజానా వ్యవహారాలపై పుస్తకం రాసిన రిచర్డ్ ఫిట్జ్‌నీల్, రెండు జాతుల మధ్య వివాహాలు ఎంతగా కలిసిపోయాయంటే స్వేచ్ఛాపరుల్లో ఎవరు నార్మనో ఎవరు ఇంగ్లీషో చెప్పడం కష్టమని రాశాడు. అయినా ఆ జరిమానా రద్దయింది 1340లో. కారణం పోయాక కూడా చట్టం ఎంతకాలం బతుకుతుందో చూడండి.

ఈ కాలంలోనే నేరం అనే భావన మారింది. కుటుంబాల మధ్య పరిహారం వెనక్కి పోయి, నేరం రాజు శాంతికి భంగంగా, శిక్ష రాజు హక్కుగా స్థిరపడింది. ఫెలనీ అంటే తొలుత ప్రభువు పట్ల విశ్వాసఘాతుకం. ఫెలనీ రుజువైతే ప్రాణంతో పాటు ఆస్తి కూడా పోతుంది. అరెస్ట్ అంటే ఫ్రెంచిలో 'ఆపడం'. బెయిల్ అంటే 'అప్పగించడం, సంరక్షణలో ఉంచడం'. జైల్ అనే మాటకు మూలం 'పంజరం'. దీనికి ఇంగ్లీషులో రెండు వర్ణక్రమాలు ఉన్నాయి. ఒకటి నార్మండీ ఫ్రెంచి నుంచి, మరొకటి మధ్య ఫ్రాన్సు మాండలికం నుంచి వచ్చాయి. జడ్జి, కోర్టు, ప్రిజన్, వారంట్, సమన్స్, అప్పీల్ ఇవన్నీ ఆ దారిలో వచ్చినవే.

జ్యూరీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. అంతకుముందు నేరనిర్ణయానికి దివ్యపరీక్షలు ఉండేవి. కాలుతున్న ఇనుము పట్టించడం, నీటిలో ముంచడం వంటివి. 1215లో రోమన్ కాథలిక్ మతపెద్దల లాటరన్ మహాసభ ఈ పరీక్షల్లో పురోహితులు పాల్గొనరాదని నిషేధించింది. పురోహితుడు లేని దివ్యపరీక్షకు విలువ లేదు. ఆ ఖాళీలోకి వచ్చినవారే ప్రమాణం చేసిన పన్నెండుమంది ఇరుగుపొరుగువారు. జ్యూరీ అనే మాటకు అర్థం 'ప్రమాణం'. వాళ్లు చెప్పే వెర్డిక్ట్‌కు అర్థం 'నిజంగా చెప్పినది'. అగ్ని నుంచి, నీటి నుంచి నిర్ణయం మనుషుల నోటికి మారింది. అయితే ఆ నోళ్లు మాట్లాడేది ఇంగ్లీషు, కోర్టు మాట్లాడేది ఫ్రెంచి.

అర్థం కాని విచారణ

1362లో మూడవ ఎడ్వర్డ్ పార్లమెంటు ఈ సమస్యను ఒప్పుకుంది. ఫ్రెంచి దేశంలో చాలామందికి తెలియదు కనుక తమ తరఫునగాని, తమకు వ్యతిరేకంగాగాని కోర్టులో ఏం మాట్లాడుతున్నారో కక్షిదారులకు తెలియడం లేదని ఆ శాసనం చెప్పింది. ఇకమీదట వాదనలు ఇంగ్లీషులో జరగాలని, రికార్డులు లాటిన్‌లో ఉండాలని నిర్ణయించింది. ఈ శాసనాన్ని రాసింది మాత్రం ఫ్రెంచిలోనే!

న్యాయవాదులు అంత తేలికగా లొంగలేదు. తీర్పుల నివేదికలను తరువాత మూడు వందల ఏళ్లు ఫ్రెంచిలోనే రాసుకున్నారు. ఫ్రెంచి వాళ్ల నోట ఆడటం మానేశాక అది వింత భాషగా తయారైంది. 1631లో సాలిస్‌బరీలో శిక్షపడ్డ ఒక ఖైదీ న్యాయమూర్తి మీదికి ఇటుకముక్క విసిరాడు. అది కొద్దిలో తప్పింది. అతని కుడిచేయి నరికి, వెంటనే ఉరితీశారు. ఆ సంఘటనను నమోదు చేసిన లేఖకుడికి ఇటుకముక్కకు ఫ్రెంచి మాట తట్టలేదు. 'కొద్దిలో తప్పింది' అనడానికీ తట్టలేదు. ఆ మాటలను ఇంగ్లీషులోనే రాసి చుట్టూ ఫ్రెంచి క్రియలు పేర్చాడు. మన కోర్టుల్లో 'పిటిషన్ ఫైల్ చేసి స్టే గ్రాంట్ చేయించాం' అనే వాక్యం విన్నవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. నవ్వు వస్తుంది గాని, ఆ వాక్యం చివర ఒక మనిషి ఉరికంబం మీద ఉన్నాడు.

లాటిన్ కూడా ప్రాణం మీది భాషే. మతాచార్యులను రాజు కోర్టులు శిక్షించరాదన్న పాత మినహాయింపు క్రమంగా చదవడం వచ్చిన పురుషులందరికీ వర్తించింది. బైబిలులోని 51వ కీర్తన నుంచి లాటిన్ వాక్యం చదివి వినిపిస్తే చాలు, ఉరి తప్పేది. జనం ఆ వాక్యానికి 'మెడ పద్యం' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. 1598లో నాటకకర్త బెన్ జాన్సన్ ద్వంద్వయుద్ధంలో ఒక నటుణ్ణి చంపి, ఈ మినహాయింపుతోనే బయటపడ్డాడు. బొటనవేలి మీద వాత మాత్రం పడింది. అదే నేరం చేసిన నిరక్షరాస్యుడికి ఉరి. చదివే పరీక్షను 1706లో తీసేశారు. మొత్తం మినహాయింపు 1827లో రద్దయింది. రాజు లేని కాలంలో, 1650లో, పార్లమెంటు న్యాయవ్యవహారాలను ఇంగ్లీషులోకి మార్చింది. 1660లో రాజు తిరిగిరాగానే పాత పద్ధతి తిరిగివచ్చింది. చివరకు 1733 మార్చి నుంచి అమలైన చట్టంతో లాటిన్, ఫ్రెంచి కోర్టు నుంచి తప్పుకున్నాయి. హేస్టింగ్స్ యుద్ధానికీ దానికీ మధ్య 667 సంవత్సరాలు.

నింద మాట నేరమైన వైనం

క్రైమ్ అనే మాటకు లాటిన్ మూలంలో ఉన్న అర్థం 'ఆరోపణ'. ఆరోపణ క్రమంగా నేరం అయిపోయింది. కల్‌ప్రిట్ చరిత్ర ఇంకా విచిత్రం. నిందితుడు నేరం చేయలేదని చెప్పగానే, కోర్టు గుమాస్తా ఫ్రెంచిలో 'దోషి, రుజువుకు సిద్ధం' అనే అర్థం వచ్చే మాటలు పలికేవాడు. రికార్డులో వాటిని రెండు ముక్కలుగా కుదించి రాసేవారు. 1678లో పెంబ్రోక్ ప్రభువు హత్యకేసు విచారణలో ఆ రెండు ముక్కలూ కలిసి నిందితుణ్ణి పిలిచే మాటగా కనిపించాయి. తరువాత అది దోషి అనే అర్థంలో స్థిరపడింది. ఇది పండితులు సాధారణంగా అంగీకరించే వివరణ. ప్రాసిక్యూషన్ వారి మాట నిందితుడి పేరైందన్నమాట.

తెలుగులో కూడా దీనికి సాటి వచ్చే మాట ఉంది. అరబ్బీ నుంచి ఉర్దూ ద్వారా వచ్చిన 'ముద్దాయి'కి ఉర్దూలో అర్థం దావా వేసినవాడు, ఫిర్యాది. తెలుగులోకి వచ్చేసరికి అది నేరం మోపబడినవాడైంది. పరీక్షలో మీరు అనువాదం చేసేటప్పుడు ఈ తేడాలు పాటించండి: సస్పెక్ట్ అంటే అనుమానితుడు, అక్యూజ్డ్ అంటే నిందితుడు, కన్విక్ట్ అంటే దోషిగా తేలి శిక్షపడ్డవాడు. ఈ మూడింటినీ కలిపి 'దొంగ' అని రాసే పత్రికా శీర్షికలను అనుసరించకండి. ఆ ఒక్క మాటతో విచారణ ముగిసిపోతుంది.

మన కోర్టుల్లోకి

తెలుగు న్యాయ పదజాలం కూడా ఇలాగే పొరలు పొరలుగా ఏర్పడింది. దొంగ, ఉరి, తీర్పు మన మాటలు. సాక్షి, శిక్ష సంస్కృతం. వకీలు, ఫిర్యాదు, జామీను, జప్తు, హాజరు, ఖైదీ ముస్లిం పాలన ద్వారా వచ్చిన అరబ్బీ, పారశీక పదాలు. నిజాం రాజ్యంలో కోర్టు భాష ఉర్దూ కనుక తెలంగాణలో ఈ పొర మందంగా ఉంటుంది. ఆపైన కోర్టు, కేసు, బెయిలు, సమను, అప్పీలు. ఇంగ్లీషు మాటలని మనం పిలిచే ఈ అయిదూ ఫ్రెంచి నుంచి వచ్చినవే. ఒక విజేత భాష మరొక విజేత చేతి మీదుగా మన దాకా వచ్చింది. బదులుగా మన దేశం ఇంగ్లీషుకు ఇచ్చిన నేర పదాలు లూట్, థగ్, డెకాయిట్. మెకాలే నాయకత్వంలో 1837లో ముసాయిదా సిద్ధమై, 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమలైన భారత శిక్షాస్మృతిలో థగ్‌కు ప్రత్యేక సెక్షనే ఉండేది. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చినప్పుడు అది పోయింది. మోసానికి సంబంధించిన 420 కూడా 318 అయింది. జనం నోట మాత్రం ఫోర్‌ట్వంటీ ఇంకా ఫోర్‌ట్వంటీయే.

ఇంగ్లండు 1362లో ఒప్పుకున్న సమస్య మన దగ్గర కూడా విచారణకు వచ్చింది. 1962లో సుప్రీంకోర్టు ముందుకు ఒక నిర్బంధితుడి కేసు వచ్చింది. ముందస్తు నిర్బంధానికి కారణాలను అతనికి ఇంగ్లీషులో ఇచ్చారు. అతనికి ఇంగ్లీషు రాదు. హిందీలో ఇవ్వమని అడిగితే, నోటితో వివరించాం కదా అన్నారు. అతనికి తెలిసిన భాషలో, తెలిసిన లిపిలో ఇవ్వకపోతే కారణాలు తెలియజేసినట్టు కాదని కోర్టు చెప్పింది. నిర్బంధం చెల్లలేదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 272వ సెక్షన్ హైకోర్టు తప్ప ఇతర కోర్టుల భాషను నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. నిందితుడికి రాని భాషలో సాక్ష్యం చెబితే, అతనికి తెలిసిన భాషలోకి మార్చి బహిరంగంగా వినిపించాలని 279వ సెక్షన్ ఆదేశించింది. హైకోర్టులోనూ సుప్రీంకోర్టులోనూ మాత్రం రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సాధారణంగా ఇంగ్లీషే.

అభ్యాసం: నేర విచారణలు సాధారణంగా ఎవరైనా వెళ్లి చూడవచ్చు. మీ దగ్గరలోని మేజిస్ట్రేటు కోర్టులో ఒక పూట కూర్చోండి. న్యాయమూర్తి, వకీలు, బంట్రోతు, సాక్షి, నిందితుడు ఒక్కొక్కరూ ఏ భాషలో మాట్లాడుతున్నారో విడివిడిగా రాసుకోండి. నిందితుడి ముఖం ఎటు తిరిగి ఉందో కూడా చూడండి. తన కేసు నడుస్తున్నప్పుడు అతను న్యాయమూర్తి వైపు చూస్తున్నాడా, లేక ఏం జరిగిందో చెబుతాడని తన వకీలు వైపు చూస్తున్నాడా?