అరెతే
అరెతే ప్రాచీన గ్రీకు పదం. ఏ వస్తువైనా, ప్రాణి అయినా తన పనిని చక్కగా చేయగలిగే శ్రేష్ఠత దీని మూలార్థం. తెలుగులో దీన్ని సాధారణంగా ‘సద్గుణం’ అంటారు గానీ, ఆ మాటలో సగం అర్థమే పలుకుతుంది. హోమర్ ‘ఇలియడ్’లో పాదాల వేగం కూడా అరెతేనే, గుర్రాలకూ అది ఉంటుంది. ప్లేటో ‘మెనో’ సంభాషణ అరెతేని నేర్పడం సాధ్యమా అన్న ప్రశ్నతో మొదలవుతుంది. అరిస్టాటిల్ కన్నును ఉదాహరణగా చూపాడు: కంటి అరెతే వల్లే కన్ను మంచిదవుతుంది, చూపూ బాగుంటుంది. మనిషి నడవడికి సంబంధించిన అరెతే మాత్రం అభ్యాసంతోనే అబ్బుతుందని, వీణ వాయిస్తూ వాయిస్తూ వైణికుడైనట్టే న్యాయంగా మెలగుతూ న్యాయవంతుడు అవుతాడని ఆయన వాదన.

రోమన్లు అరెతేని ‘విర్టూస్’ అన్నారు. పురుషుడు అనే అర్థమున్న ‘విర్’ నుంచి పుట్టిన మాట అది. ప్రాచీన నగరమైన ఎఫెసస్‌లోని సెల్సస్ గ్రంథాలయం ముఖభాగంలో అరెతే స్త్రీమూర్తిగా నిలిచింది. నేటి గ్రీకులో ‘అరెతీ’ అంటే సుగుణం, ఆడపిల్లల పేరు కూడా. 1958లో తత్వవేత్త ఎలిజబెత్ ఆన్‌స్కమ్ వ్యాసం, 1981లో మరో తత్వవేత్త మెకింటైర్ పుస్తకం ‘ఆఫ్టర్ వర్చ్యూ’ ఈ భావనను నీతిశాస్త్ర చర్చలోకి మళ్లీ తెచ్చాయి. పర్వతాల పదునైన అంచును సూచించే ఫ్రెంచి ‘అరెట్’ వినడానికి దగ్గరగా ఉన్నా, దానికి అరెతేతో చుట్టరికం లేదు.