పువ్వు ఎవరిది?

ఫాల్గునమాసము ప్రవేశించుసరికి, ఖమ్మమునుండి గోదావరీతీరమునకు పోవు అడవిదారి కిరువైపుల మోదుగచెట్లు ఆకులు రాల్చి, కొమ్మకొమ్మకు ఎఱ్ఱని పూలు తొడుగును. కాళిదాసు ఋతుసంహారమున మోదుగలు పూచిన భూమిని ఎఱ్ఱచీర కట్టిన క్రొత్త పెండ్లికూతురితో పోల్చెను. ఆ పోలిక కవి చమత్కారము మాత్రమే కాదు. వసంతమును వివాహమును జతపఱచుట ఈ దేశమున ప్రాచీనాచారము. పూలను గూర్చి వ్రాయుట తేలికపనియని కొందఱు తలంపవచ్చును. కాని ఏ పువ్వును ఎవరు ఏఱవలెను, ఎవరు ముడువవలెను, ఎవరు ముడువరాదు అను నియమములలో ఒక సంఘముయొక్క చరిత్ర ఇమిడియున్నది. ఆ చరిత్రను ఈ సరిహద్దు ప్రాంతమునుండియే కొంత పరిశీలింతము.

భద్రాచలమున సీతారామకల్యాణము చైత్రశుద్ధ నవమినాడు జరుగునని ఎల్లరెఱుగుదురు. అయితే ఆ పెండ్లిపనులు మూడువారములకు పైగా ముందే, ఫాల్గునపూర్ణిమనాడే ఆరంభమగును. ఆనాడు స్వామికి డోలోత్సవము, వసంతోత్సవము సల్పి, పసుపు దంచి, తలంబ్రాల బియ్యము కలుపుదురు. మన యిండ్లలో తలంబ్రాలు పసుపువన్నెవి. ఇచ్చట గులాలు కలియుటచే ఎఱ్ఱనివి. జనులు వసంతమాడు రంగే పెండ్లి తలంబ్రాలకు అంటినదన్నమాట. ఈ గులాలు గోల్కొండ నవాబగు తానాషా కాలమునుండి వచ్చినదని జనశ్రుతి. ఆలయము కట్టించిన కంచెర్ల గోపన్న ఆ ప్రభువు కొలువున తహసీలుదారు. ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు తెచ్చు ఆచారము నేటికిని సాగుచున్నది. ఇక స్థలపురాణమున విగ్రహములను మొదట కనుగొన్నది పోకల దమ్మక్క యను కోయస్త్రీ. ఆమె స్వామికి అర్పించినది తాటిపండు. రాజుగారి ముత్యములకు ముందే అడవిపండు స్వామికి అందినదని ఆ కథ చెప్పుచున్నది.

అడవియందు వసంతమునకు మఱియొక పువ్వు కలదు. అది ఇప్పపువ్వు. రాత్రివేళ రాలి, తెల్లవాఱుసరికి చెట్టుక్రింద తెల్లగా పఱచుకొనును. స్త్రీలును పిల్లలును ప్రొద్దు పొడువకముందే బుట్టలతో పోయి ఏఱుకొందురు. తీయని ఆ రేకులను ఎండబెట్టి దాచుకొందురు; గింజలు అడుగంటిన వేసవిలో అది అన్నమునకు తోడు. సారాయి కాచుటకును అదియే. కోయలలో ఒక నియమము గలదు: క్రొత్తగా వచ్చిన పువ్వునైనను కాయనైనను ఊరంతయు చేరి పండుగ చేసి వేల్పులకు అర్పింపకముందు ఎవరును నోట పెట్టరాదు. ఇది మూఢవిశ్వాసమని త్రోసివేయుట సులభము. కాని అందఱికంటె ముందు ఒకడు దోచుకొనకుండుటకును, కాయ ముదురువఱకు చెట్టుమీద నిలుచుటకును ఆ కట్టుబాటు తోడ్పడుచున్నది. అక్కడ పువ్వు ఊరిది.

తరువాత ఆ పువ్వు తనదని సర్కారు వచ్చినది. భద్రాచలము తాలూకాను నైజాము 1860లో ఆంగ్లేయులకు ఇచ్చెను. అది మొదట మధ్యపరగణాలలో నుండి, 1874లో మద్రాసురాజధానియందలి గోదావరిజిల్లాలో చేరినది. పోడు వ్యవసాయముపై పన్ను పెరిగెను. కల్లుచెట్లపై చిగురుపన్ను మొదలగు బాధలచే 1879లో పుట్టిన రంపపితూరీ ఈ తాలూకాలోని రేకపల్లికి ప్రాకెను. 1882లో మద్రాసు అడవిచట్టము వచ్చెను. బొంబాయిరాజధానిలోనైతే 1892లో ఇప్పపువ్వు సేకరణకే ప్రత్యేకముగా ఒక చట్టము చేసిరి. చెట్టుక్రింద రాలిన పువ్వు నేఱుకొనుట నేరమగునని ఏ కోయవృద్ధురాలు కలగనియుండును? అడవిలోని చిల్లర ఫలసాయముపై గిరిజనులకు స్వామ్యము గలదని పార్లమెంటు ఒప్పుకొనునప్పటికి 2006వ సంవత్సరమైనది.

సర్కారును నిందించుట మనకు సుకరము. మన పెండ్లిపందిరి క్రిందికి వచ్చి చూతము. మామిడాకుల తోరణములు, అరటిబోదెలు, పూలజడ, బాసికములు, గుమ్మమునిండ బంతిపూలు. ఇవన్నియు అనాదిసిద్ధములనియు, వీనిలో ఒక్క రేకు మార్చినను మంగళము చెడుననియు పెద్దలు వాదింతురు. కాని ఆ బంతి మనది కాదు. మెక్సికో ప్రాంతమున పుట్టి, పదునాఱవ శతాబ్దమునుండి యూరోపువారి ఓడలవెంట లోకమంతయు తిరిగిన మొక్క. కాళిదాసు దానిని ఎఱుగడు. సముద్రముల కావలినుండి వచ్చిన పూవునకు మన ఆచారము గుమ్మముమీదనే పీట వేసినది. ఏ శాస్త్రమును అడ్డు రాలేదు.

ఆ పందిటిలోనే ఒక మూల, తలుపుచాటున, ఒక తల్లి నిలువబడియుండును. కూతురి జడకు పూలు గ్రుచ్చినది ఆమెయే. బియ్యమునకు పసుపు కలిపినది ఆమెయే. కాని మంగళసూత్రధారణవేళ ఆమె ఎదుట పడరాదు. భర్త గతించినాడు గనుక ఆమె చేతి అక్షతలు శుభము కావు. ఆమె తలలో పువ్వుండరాదు. ఆమె చేసిన అపరాధ మేమి?

ఇదే గోదావరి దిగువను, రాజమహేంద్రవరమున, 1881 డిసెంబరు 11వ తేదీన వీరేశలింగముపంతులుగారు తొలి వితంతువివాహము జరిపించిరి. చట్టము 1856లోనే వచ్చియున్నను దానిని పందిటిలోనికి తెచ్చుటకు ఇరువదియైదేండ్లు పట్టినది. కోయలలోనన్ననో, భర్త పోయిన స్త్రీ మరల పెండ్లాడుట ఎన్నడును నిషిద్ధము కాదు. వారి ఆచారములన్నియు మేలైనవని మేమనము. కన్యను బలవంతముగా ఎత్తుకొనిపోయి పెండ్లాడు వాడుక వారిలో నుండెనని దుమ్ముగూడెమున నివసించిన కెయిన్ దొర పందొమ్మిదవ శతాబ్దమున వ్రాసెను. కాని ఈ యొక్క విషయమున మనము వారికి గురువులము కాము, శిష్యులము.

2022 మే నెలలో మహారాష్ట్రమున కొల్హాపురము జిల్లా హేర్వాడ్ గ్రామపంచాయతీ, వితంతువుల బొట్టు తుడుచుట, గాజులు పగులగొట్టుట మున్నగు ఆచారములను మానవలెనని తీర్మానించినది. ఆ మాసముననే ఆ రాష్ట్రప్రభుత్వము ఇతర గ్రామములకును దానిని ఆదర్శముగా చూపినది. ఒక పల్లె చేయగలిగిన పని ఒక ఇల్లు చేయలేదా?

దీనికి ధనమక్కఱలేదు, సభలు, ఉపన్యాసములు అక్కఱలేదు. ఈ చైత్రమున మీ యింట పెండ్లి జరిగినచో, వేలకొలది రూపాయలు పోసి పందిరి నలంకరింపుడు, లేదా నాలుగు మామిడిరెమ్మలతో సరిపెట్టుకొనుడు. అది మీ యిష్టము. కాని పూలబుట్ట పందిటిలో త్రిప్పునప్పుడు తలుపుచాటున నున్న ఆ తల్లిని దాటిపోనీయకుడు. ఆమెను పీటలయొద్దకు పిలిచి, మొదటి అక్షతలు ఆమెచేతనే వేయింపుడు.