ప్రహ్లాదుడి కలెక్షన్లు

తొలి తెలుగు టాకీ ఎవరి కథ? ప్రహ్లాదుడిది. మన దేశంలో తీసిన యానిమేషన్ సినిమాలన్నిట్లోకీ ఎక్కువ డబ్బు చేసినది ఎవరి కథ? అదీ ప్రహ్లాదుడిదే! హెచ్.ఎం. రెడ్డి ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైంది. అశ్విన్ కుమార్ ‘మహావతార్ నరసింహ’ 2025 జూలై 25న దేశమంతా విడుదలైంది. మధ్యలో 93 ఏళ్ళు. మాటలు రావడంతోనే మనం పిలిచిందీ, బొమ్మల సినిమాల్లో కోట్లు పోసి చూసిందీ ఆ ఒక్క పసివాడినే అని తట్టగానే నాకు భలే సరదా వేసింది. తీగ లాగితే ఎక్కడెక్కడి డొంకలో కదిలాయి.

డబ్బు మాట వచ్చింది కాబట్టి మా ఊరి చిత్రం ఒకటి చెప్పాలి. తాండవ నదికి ఇవతల తుని, అవతల పాయకరావుపేట. వంతెన దాటితే ఊరు మారినట్టే ఉండదు. ఇక్కడ టికెట్లు దొరక్కపోతే అక్కడికీ, అక్కడ దొరక్కపోతే ఇక్కడికీ జనం నడిచిపోతారు. సినిమా లెక్కల్లో మాత్రం తుని టికెట్టు ‘ఈస్ట్’ ఖాతాలో పడితే, పేట టికెట్టు ‘వైజాగ్’ ఖాతాలో పడుతుంది. 2022లో జిల్లాలు చీలి తుని కాకినాడ జిల్లాకీ, పేట అనకాపల్లి జిల్లాకీ పోయాయి. డిస్ట్రిబ్యూటర్లు మాత్రం ఆ కొత్త పేర్లను పట్టించుకోలేదు. వాళ్ళ పుస్తకంలో గోదావరి ఇప్పటికీ రెండే ముక్కలు, ఈస్టూ వెస్టూ.

‘మహావతార్ నరసింహ’కు ముందురోజే పెద్ద హీరో సినిమా ‘హరిహర వీరమల్లు’ వచ్చింది. ఆ హడావుడిలో బొమ్మల సినిమా వైపు ఎవరు చూస్తారు? తెలుగునాట గీతా ఆర్ట్స్ పంపిణీ చేసినా తొలిరోజు దేశం మొత్తం మీద నెట్ రెండు కోట్ల లోపే. తర్వాత నోటి మాట పని చేసింది. పిల్లల్ని తీసుకుని తల్లిదండ్రులు, వాళ్ళను తీసుకుని తాతమ్మలు వచ్చారు. కొన్ని హాళ్ళలో జనం చెప్పులు బయటే విడిచి లోపలికి వెళ్ళారని పత్రికలు రాశాయి. చివరికి గ్రాస్ 300 కోట్లు దాటింది. ఇంతకీ ఇది ఎవరికీ తెలియని కథా? సింహాచలం, అంతర్వేది, కోరుకొండ, ఏ దిక్కుకు పోయినా నరసింహుడే ఉన్న ప్రాంతం మనది. ముగింపు తెలిసిన కథకే ఇంత జనం!

తెలిసిన కథకు మళ్ళీ మళ్ళీ టికెట్టు కొనడం మనకు పాత అలవాటే. చిత్రపు నారాయణమూర్తి 1942లో ‘భక్త ప్రహ్లాద’ తీశారు. పాతికేళ్ళు ఆగి 1967లో ఏవీఎం వారికి అదే కథను రంగుల్లో మళ్ళీ తీసిపెట్టారు. అందులో హిరణ్యకశిపుడు కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో రాటుదేలిన ఎస్వీ రంగారావు. నారదుడు కోనసీమ శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ. సగం సినిమా మన ‘ఈస్ట్’దే అనుకోవచ్చు. ఇక శివరాత్రి జాగరణ. తెల్లవార్లూ ఆటలు, అన్నీ పాత పౌరాణికాలే. గీతలు పడి వానలా కురిసే ప్రింటు, మధ్యలో తెగే రీలు, ఈలలు, మళ్ళీ బొమ్మ. రీరిలీజ్ అన్న మాట ఎవరూ అనలేదు గానీ జరిగింది అదే.

దీన్నొక వ్యాపార సూత్రంగా మార్చినవాడు వాల్ట్ డిస్నీ. 1937 డిసెంబరులో లాస్ ఏంజిలిస్‌లో ‘స్నో వైట్’ తొలి ఆట పడేదాకా పరిశ్రమ దాన్ని డిస్నీ పిచ్చి అని వెక్కిరించింది. సినిమా విజయవంతమైంది. తర్వాత యుద్ధం వచ్చి యూరప్ మార్కెట్ మూతపడింది. 1940 నాటి ‘పినోకియో’, ‘ఫాంటేసియా’ నష్టాలు తెచ్చాయి. చేతిలో డబ్బు లేక 1944లో ‘స్నో వైట్’నే మళ్ళీ హాళ్ళకు పంపారు. డబ్బు తిరిగొచ్చింది. అక్కణ్ణుంచి ఏడెనిమిదేళ్ళకోసారి పాత బొమ్మను పెట్టెలోంచి తీయడం ఆనవాయితీ అయింది. మొదటిసారి చూసిన పిల్లలు ఎదిగిపోతారు, చూడని పిల్లలు పుట్టుకొస్తారు, సినిమా మాత్రం ముసలిదవదు. 1952, 1958, 1967, 1975, 1983, 1987... నటీనటులున్న సినిమాకు బట్టలూ జుట్టూ పాతబడతాయి, గీసిన బొమ్మకు ఆ గొడవ లేదు. 1993లో ‘స్నో వైట్’ను ఫ్రేము ఫ్రేముగా కంప్యూటర్లోకి ఎక్కించి శుభ్రం చేసి విడుదల చేశారు, మరుసటి ఏడు వీడియో క్యాసెట్టుగా అమ్మేశారు. ఇంట్లో ఎప్పుడు పడితే అప్పుడు దొరికేదానికి ఏడేళ్ళు ఎవరు ఎదురుచూస్తారు? ఆ ఎదురుచూపు పోవడం నా దృష్టిలో పెద్ద నష్టమే. అయినా 2011లో ‘లయన్ కింగ్’ను త్రీడీలో రెండువారాల కోసమని వదిలితే అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కి కూర్చుంది.

మన వైపు యానిమేషన్ చరిత్రలో ఈ కాలమంతా దాదాపు ఖాళీ. కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మలవాళ్ళు దీపం వెలుగులో రాత్రంతా రామాయణం ఆడించడం వేరే లెక్క. వెనక వెలుగు, ముందు తెర, మధ్యలో కదిలే బొమ్మ, సరంజామా అంతా ఉంది, కెమెరా ఒక్కటే తక్కువ. ఆ కెమెరా పెట్టిన మనిషి జర్మనీలో లోటె రైనిగర్. నల్ల అట్టముక్కలు కత్తిరించి 1926లో ఆమె చేసిన ‘ప్రిన్స్ అహ్మద్’ నేటికీ మిగిలి ఉన్న యానిమేషన్ కథాచిత్రాల్లో అన్నిటికన్నా పాతది.

ఇక నాకు ఎంత చెప్పినా తనివి తీరని ఘట్టం. 1956లో బొంబాయి ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ విభాగం కుర్రాళ్ళకు పని నేర్పడానికి క్లెయిర్ వీక్స్ వచ్చాడు. ‘బాంబీ’కి పనిచేసిన డిస్నీ మనిషి. 1957లో జాతక కథతో ‘బన్యన్ డీర్’ చేయించాడు. అక్కడ గీత దిద్దుకున్నవారిలో రామ్‌మోహన్ ఒకరు. పాతికేళ్ళు పోయాక, 1983లో, అలహాబాదు దగ్గర రామాయణ స్థలాల తవ్వకాల మీద డాక్యుమెంటరీ తీయడానికి యుగో సాకో అనే జపాన్ ఆయన వచ్చాడు. కథ తలకెక్కింది. జపనీస్‌లో దొరికిన రామాయణాలన్నీ చదివేశాడు. నటులతో కుదరదు, దేవుడైన మనిషిని బొమ్మగానే చూపాలి అనుకున్నాడు. ఈలోగా ఆయన పని మీద పత్రికలో వచ్చిన వార్తను అపార్థం చేసుకుని విశ్వ హిందూ పరిషత్ ఢిల్లీలోని జపాన్ ఎంబసీకి అభ్యంతరం రాసింది, విదేశీయులు రామాయణం తీయడమేమిటని. సాకో వాళ్ళను కలిసి నచ్చజెప్పాడు. రామాయణాన్ని కార్టూన్‌గా చూపడమా అని మన ప్రభుత్వం కూడా చేయి కలపలేదు. చివరికి సినిమా జపాన్‌లోనే తయారైంది. రామ్‌మోహన్, కోయిచీ ససాకీ సాకోతో పాటు దర్శకులు. 450 మంది చిత్రకారులు, దాదాపు లక్ష సెల్స్, అన్నీ చేత్తో గీసినవే. పంచె ఎలా కడతారో, నమస్కారం ఎలా పెడతారో, పీట మీద ఎలా కూర్చుంటారో జపాన్ వాళ్ళకు మనవాళ్ళు చూపించాలి. వాళ్ళు గీసిన అరణ్యంలో ఆకు ఆకుకూ నీడ ఉంటుంది. సంస్కృత గీతాలు వసంత్ దేవ్ రాస్తే, వనరాజ్ భాటియా సంగీతం చేశారు. 1993 జనవరిలో ఢిల్లీ చిత్రోత్సవంలో వేశారు. అప్పటికి బాబ్రీ మసీదు కూలి నెల దాటిందంతే. దేశం ఉన్న వేడికి సినిమా హాళ్ళకు రాకుండానే పోయింది. హిందీలో అరుణ్ గోవిల్ రాముడికీ అమ్రీష్ పురి రావణుడికీ గొంతులిచ్చినా, ఒక తరం పిల్లలు దాన్ని కార్టూన్ నెట్‌వర్క్‌లో, ప్రకటనల మధ్య చూశారు.

2025 జనవరి 24న సాకో రామాయణం 4కే ముస్తాబుతో హాళ్ళకొచ్చింది, ఈసారి తెలుగులో కూడా. ఆ కొత్త రూపానికి రచనా సహకారం మన కొవ్వూరు విజయేంద్ర ప్రసాద్‌ది. సాకో 2012లో, రామ్‌మోహన్ 2019లో పోయారు. ఇద్దరూ చూడలేదు. వసూళ్ళు గొప్పగా లేవు. ఆర్నెల్ల తర్వాత నరసింహుడు చేసిన డబ్బు ముందు అసలు లెక్కలోకే రావు. అయితే గీత పనితనంలో నా ఓటు మాత్రం ఆ పాత బొమ్మకే. కంప్యూటరు నరసింహుడికి గర్జన ఉంది గానీ, సాకో రాముడి కళ్ళలోని నెమ్మదితనం లేదు.

మన తెలుగువాళ్ళు ఏమీ చేయలేదా అంటే, చేశారు. బి. సత్య తీసిన ‘కిట్టు’ 2006 సంవత్సరానికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ అవార్డు తెచ్చుకుంది. ‘మాయాబజార్’లో కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 2008లో ‘ఘటోత్కచ్’ను యానిమేషన్‌గా తీశారు. రంగులద్దిన ‘మాయాబజార్’ 2010లో హాళ్ళలో ఆడింది, ఆ బొమ్మల ఘటోత్కచుడు మాత్రం మళ్ళీ తెర ఎక్కలేదు. 2022లో ‘పోకిరి’తో మొదలైన మన రీరిలీజుల తంతులో హీరో పుట్టినరోజే ముహూర్తం. కాగితాలు ఎగరేయడానికి అభిమాన సంఘం లేని బొమ్మకు తేదీ ఎవరు ఇస్తారు?

కాబట్టి ఈస్టు, వైజాగు డిస్ట్రిబ్యూటర్లకు ఒక మనవి. శ్రీరామనవమికి సాకో రామాయణాన్ని తెలుగులో మార్నింగ్ షోగా వేయండి, పిల్లలకు టికెట్టు సగం చేయండి. సంక్రాంతి సెలవుల్లో పెద్ద హీరోలు వదిలిపెట్టిన ఆట ఏదైనా ఉంటే ‘కిట్టు’కు ఇవ్వండి. అభిమాన సంఘం సంగతి పిల్లలు చూసుకుంటారు.