రిలీఫ్ వాల్వు

హైడ్రాలిక్ యంత్రంలో ఆయిలు ఒత్తిడి హద్దు దాటకుండా కాచే కవాటం రిలీఫ్ వాల్వు. పంపు నెట్టిన ఆయిలుకు ముందుకు దారి లేకపోతే ఒత్తిడి క్షణాల్లో పెరిగి హోసు పైపో, సీలో, పంపో పగులుతుంది. అంతదాకా రానీయకుండా ఈ వాల్వు తెరుచుకుని ఆయిలును ట్యాంకులోకి మళ్లిస్తుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత రైతులకు దీని చప్పుడు కొత్త కాదు. ట్రాక్టరు లిఫ్టుకు మోయలేని బరువు తగిలించి లివరు లాగితే లోపల కీచుమని వినిపించేది, ఈ వాల్వు సందులోంచి వెనక్కి పోయే ఆయిలే.

దీని మూలం ఆవిరి కవాటం. 1680 ప్రాంతంలో ఫ్రాన్సుకు చెందిన డెనిస్ పాపిన్, ఎముకలను సైతం ఉడికించే తన మూతబిగి పాత్రకు బరువు వేలాడే మీటతో కవాటం అమర్చాడు. ఇంట్లో కుక్కరు మీది వెయిటుదీ, సిరిసిల్ల సైజింగు యూనిట్ల బాయిలర్ల మీది సేఫ్టీ వాల్వుదీ అదే వంశం.

నీటి ఒత్తిడితో పనిచేసే ప్రెస్సుకు 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా పేటెంటు పొందాడు. పత్తి బేళ్లు కట్టే హైడ్రాలిక్ ప్రెస్సు దాని సంతతే. ఇరవయ్యో శతాబ్దంలో నీటి స్థానంలోకి ఆయిలు వచ్చింది. అప్పటికి వాడుకలో ఉన్నది స్ప్రింగు నేరుగా అదిమిపట్టే వాల్వు. అది కట్టిన ఒత్తిడి కన్నా ముందే కొద్దికొద్దిగా కారుతుంది, ఎక్కువ ఆయిలు వస్తే టకటకా కొట్టుకుంటుంది. ఈ చిక్కును విడగొట్టినవాడు అమెరికా ఇంజినీరు హ్యారీ వికర్స్. 1936లో ఆయన తెచ్చిన పద్ధతిలో చిన్న పైలట్ వాల్వు ఒత్తిడిని కనిపెడుతుంది, అది తెరుచుకోగానే పెద్ద పిస్టను కదిలి దారి ఇస్తుంది. ఈ రంగంలో అసలైన మలుపు ఇదే అనాలి. నేటి భారీ యంత్రాల్లో ఎక్కువగా కనిపించేది ఈ రకమే.

చక్కెర మిల్లులో ఇదే పనిని ఇంకో తీరుగా చేస్తారు. చెరకును పిండే పైరోలరును ఆయిలు ఒత్తిడితో అదిమి ఉంచుతారు. చెరకు ఒక్కసారిగా దండిగా పడినా, ఇనుప ముక్క చిక్కినా రోలరు పైకి లేస్తుంది, ఆయిలు నైట్రోజన్ నింపిన అక్యుములేటరులోకి జరుగుతుంది. కోరుట్ల నియోజకవర్గంలోని ముత్యంపేట చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. ఈ పనులు తెలిసిన ఫిట్టర్లకు చేతి నిండా పని ఇచ్చిన చోటు అలా పోవడం ఈ ప్రాంతానికి చిన్న నష్టం కాదు.

వాల్వు గుండా పోయే ఆయిలు పని చేయదు, వేడెక్కుతుంది. 150 బార్ల ఒత్తిడిలో నిమిషానికి 40 లీటర్లు పోతుంటే 10 కిలోవాట్ల శక్తి వేడిగా మారుతుంది. అందుకే లిఫ్టు లేవనప్పుడు లివరును అలాగే పట్టి ఉంచకూడదు. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటుంది. బరువు లేవడం లేదని ఈ వాల్వు చెక్ నట్టు వదులు చేసి, ఒత్తిడి హద్దు పెంచే స్క్రూ బిగిస్తారు. పంపు అరిగినా, ఫిల్టరు మూసుకుపోయినా, వాల్వు సీటులో మట్టి ఇరుక్కున్నా లిఫ్టు లేవదు. ముందు వాటిని చూడాలి. ఒత్తిడిని గేజి పెట్టి, కంపెనీ చెప్పిన అంకెకే కట్టాలి.

హోసు చిల్లు నుంచి చిమ్మే ఆయిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. కారుతున్న చోటును వేలితో తడమకండి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఆయిలు గుచ్చుకుంటే సూది పోటంత గాయమే కనిపించినా, నొప్పి లేకపోయినా, ఆ పూటే శస్త్రచికిత్స చేసే ఆసుపత్రికి వెళ్లండి.