మేనేజర్ల నిబద్ధత: పటాన్‌చెరు–సంగారెడ్డి పారిశ్రామిక వాడ చరిత్ర

మేనేజరు ఒక సంస్థను ఎందుకు అంటిపెట్టుకుని ఉంటాడు, అక్కడ మనసుపెట్టి ఎందుకు పనిచేస్తాడు అన్నవి వేర్వేరు ప్రశ్నలు. జీతం, భద్రత కొరవడితే అసంతృప్తి పుడుతుందనీ, ఉత్సాహం మాత్రం పనిలో సాధించినదాని నుంచీ గుర్తింపు నుంచీ బాధ్యత నుంచీ వస్తుందనీ ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో ప్రతిపాదించాడు. జాన్ మేయర్, నటాలీ అలెన్ 1991లో నిబద్ధతను మూడుగా విడదీశారు: సంస్థ మీద మమకారం, వదిలితే నష్టమన్న లెక్క, ఉండటం ధర్మమన్న భావన. ఈ మూడింటికీ ఉన్న తేడా పటాన్‌చెరు చుట్టుపక్కల కర్మాగారాల చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది.

1960లలో చెకోస్లొవేకియా సహకారంతో రామచంద్రాపురంలో వెలసిన భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం తర్వాత బీహెచ్ఈఎల్‌లో భాగమైంది. టౌన్‌షిప్‌లో క్వార్టర్లు, బడి, ఆసుపత్రి ఉండటంతో కొలువు, కాపురం ఒకేచోట కుదిరాయి. అక్కడి ఇంజనీర్లను ఈ వసతులే కట్టిపడేశాయనటం సగం నిజమే. దేశానికి కావలసిన టర్బైన్లను ఇక్కడే తయారు చేస్తున్నామన్న భావన కూడా ఆ ఉద్యోగంలో భాగం.

బల్క్ డ్రగ్స్ (మందుల మూలపదార్థాల) పరిశ్రమ ఇంకో పాఠం చెప్పింది. బాలానగర్‌లోని మందుల సంస్థ ఐడీపీఎల్‌లో 1969 నుంచి 1975 దాకా పనిచేసిన కల్లం అంజిరెడ్డి ప్రభుత్వరంగ కొలువు వదిలి సొంత వ్యాపారంలోకి దిగి, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. 1970 పేటెంట్ల చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంటు ఇవ్వటంతో, కొత్త పద్ధతి కనిపెట్టగల రసాయనవేత్తకు దారి తెరుచుకుంది. పటాన్‌చెరు, బొల్లారంలలో మందుల కర్మాగారాలు పెరిగాయి. వదిలితే నష్టమన్న లెక్క ఒక్కటే మనిషిని నడిపితే, భద్రమైన కొలువు వదిలే సాహసం ఎవరూ చేయరు.

అయితే సంస్థాపకులు కొద్దిమందే, మిగతావారికి జీతమే ముఖ్యమన్న అభ్యంతరం తోసిపుచ్చదగినది కాదు. 2021లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ అనే ప్రభుత్వ కంపెనీ కిందికి మారినప్పుడు, ఉద్యోగులను కేంద్ర ప్రభుత్వోద్యోగులుగానే ఉంచి డిప్యూటేషన్ మీద పంపారు. భద్రతకు ఉన్న విలువ అంతటిది. కానీ భద్రత మనిషిని నిలుపుతుంది, అతని చేత కొత్త ఆలోచన చేయించలేదు. ప్రభుత్వరంగ అధికారులకు 2007 వేతన సవరణ పనితీరుతో ముడిపడిన చెల్లింపును తెచ్చింది. డబ్బు కృషిని గుర్తించగలదు, నిర్ణయాధికారం లేని లోటును మాత్రం పూడ్చలేదు.

మూడోదైన ధర్మభావనకు ఈ ప్రాంతంలోనే గట్టి పరీక్ష ఎదురైంది. ఇక్కడి కర్మాగారాల వ్యర్థజలాలు చెరువులనూ పొలాలనూ పాడుచేశాయన్న ఫిర్యాదు 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. ఊరి నీటిని కాపాడాలనుకునే మేనేజరు సంస్థకు విధేయుడే. అతని అభ్యంతరాన్ని వినే యాజమాన్యానికే అతని మమకారం దక్కుతుంది. మాట చెల్లనిచోట మిగిలేది జీతం లెక్క ఒక్కటే.