షోలాపూర్ గిర్నీ మజ్దూర్, అతని ఖాందాన్

దౌల్తాబాద్ అంటే దౌలత్‌తో ఆబాద్ అయిన ఊరని మానీ. పేరు పెట్టినవాళ్ల నీయత్ మంచిదే. కానీ మన దౌల్తాబాద్, కొడంగల్, బొంరాస్‌పేట ఇలాకా జనానికి రోజీ మాత్రం ఎప్పుడూ బయటే రాసి ఉంది. (మహారాష్ట్రలో ఉన్న దౌలతాబాద్ కిల్లా వేరు. తుగ్లక్ తన రాజధానిని తీసుకెళ్లిన ఆ ఊరి కిస్సా ఇంకోసారి.) మూటాముల్లె కట్టుకుని బంబయి, పుణే పోయినవాళ్లు, ఆ తర్వాత దుబాయ్, సౌదీ పోయినవాళ్లు లేని వాడ దొరకదు. ఊరు విడిచి కార్ఖానాలో పనికి కుదిరిన మనిషి జిందగీ, అతని ఖాందాన్ జిందగీ ఎలా గడిచిందో తెలుసుకోవాలంటే మనకు దగ్గర్లోనే పెద్ద మిసాల్ ఉంది. అది షోలాపూర్.

దగ్గర అని ఊరికే అనలేదు. 1956 నవంబరు 1 దాకా కొడంగల్, తాండూరు తాలూకాలు గుల్బర్గా జిల్లాలో ఉండేవి. గుల్బర్గా దాటితే షోలాపూరే. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు తాండూరు మీదుగా రైలు వచ్చింది. రెండేళ్లు తిరగకుండానే 1876-78 నాటి మహా కరువు దక్కన్ మీద పడింది. ఆ కరువు కాలంలోనే షోలాపూర్‌లో మొదటి బట్టల మిల్లు నడక మొదలైంది. జనం దాన్ని 'జూనీ గిర్నీ' అన్నారు, అంటే పాత మిల్లు. మన దగ్గర గిర్నీ అంటే జొన్నలు పట్టించుకునే చోటు. అక్కడ గిర్నీ అంటే వేల మంది మజ్దూర్లు, ఆకాశాన్నంటే పొగగొట్టం, షిఫ్టు మారగానే ఊరంతా వినబడే భోంగా. తర్వాత ఇంకా గిర్నీలు వచ్చాయి. వాటిలో నర్సింగ్‌గిర్జీ మిల్లు పేరు హైదరాబాద్ గోసాయి సాహుకార్ల ఖాందాన్‌ది. పైసా మన రియాసత్‌దే, నేసే చేతులు కూడా చాలావరకు మన రియాసత్‌వే!

ఆ చేతుల్లో ఎక్కువ పద్మశాలీలవి. తెలంగాణ జిల్లాల నుంచి తరం తర్వాత తరం వెళ్లారు. మిల్లుబట్ట వచ్చి ఊళ్లో మగ్గం కూలిపోయింది, పైన కరువు, పైన అప్పు. అయితే వీళ్లు వెళ్లిన తీరులో ఒక ఖాస్ సంగతి ఉంది. చేమగ్గం ఒక్కడి పని కాదు. మగవాడు నేస్తే ఆడమనిషి కండెలు చుడుతుంది, పిల్లలు ఆసు దగ్గర నిలబడతారు, ముసలివాళ్లు నూలు చిక్కు తీస్తారు. ఇంటిల్లిపాదీ కలిస్తేనే చీర. అలా బతికినవాళ్లు ఊరు విడిచినప్పుడు కూడా చాలామంది ఇంటిల్లిపాదీ విడిచారు. మగవాడు గిర్నీలో సాంచా పట్టుకుంటే ఇంట్లో ఇంకో పని నడిచేది. అందుకే షోలాపూర్ 'పూర్వ భాగ్'లో, అంటే తూర్పు బస్తీలో, మీరు ఇప్పటికీ తెలుగు వింటారు. అందులో సగం మరాఠీ, పావు ఉర్దూ కలిసి ఉంటాయి, అది వేరే మాట. మార్కండేయుడి పేరుతో గుడే కాదు, సహకార దవాఖానా కూడా కట్టుకున్నారు. వలస వచ్చినవాడు సొంత దవాఖానా కట్టుకున్నాడంటే, వాపస్ వెళ్లే ఖయాల్ మానుకున్నాడనే అర్థం.

గిర్నీ వాళ్లకు రొట్టె ఇచ్చింది, సియాసత్ కూడా నేర్పింది. 1930 మే 5న గాంధీజీని అరెస్టు చేశారన్న ఖబర్ రాగానే షోలాపూర్ రోడ్ల మీదికి వచ్చింది, అందులో గిర్నీ మజ్దూర్లు ముందున్నారు. మే 8న పోలీసు కాల్పులు జరిగాయి, పోలీస్ చౌకీ తగలబడింది, సిపాయిలు చచ్చిపోయారు. సర్కారు అధికారులు ఊరు వదిలితే కొన్ని రోజులు షహర్ జనం చేతుల్లోనే నడిచింది. మే 12న మార్షల్ లా పెట్టారు. ఆ తర్వాత నలుగురి మీద ఖత్ల్ ముఖద్దమా నడిపి, 1931 జనవరి 12న ఎరవాడ జైల్లో ఫాంసీ ఇచ్చారు. మల్లప్ప ధనశెట్టి, శ్రీకిషన్ సార్డా, జగన్నాథ్ షిందే, అబ్దుల్ రసూల్ ఖుర్బాన్ హుసేన్. ఖుర్బాన్ హుసేన్ గిర్నీ మజ్దూర్ల మధ్య పనిచేసిన నౌజవాన్. భగత్‌సింగ్‌ను ఉరితీసింది అదే సంవత్సరం మార్చిలో. ఆ తారీఖు మన పిల్లలకు బడిలో చెబుతారు, రెండు నెలల ముందరి ఈ తారీఖు చెప్పరు. షోలాపూర్ చౌరస్తాలో ఈ నలుగురి విగ్రహాలూ పక్కపక్కనే ఉంటాయి.

గిర్నీలు ఎల్లకాలం నడవలేదు. జూనీ గిర్నీ మూతపడింది, 1990లు వచ్చేసరికి లక్ష్మీ-విష్ణు మిల్లు కూడా పోయింది. మగవాళ్లు పవర్‌లూముల్లోకి, చాదర్లు, టవళ్లు నేసే చిన్న కార్ఖానాల్లోకి పోయారు. జీతం తగ్గింది, పని గంటలు పెరిగాయి. మరి ఇల్లు ఎలా నడిచింది? తారీఖ్ రాసేవాళ్లు ఎక్కువగా గిర్నీ గేటు దగ్గరే నిలబడి రాస్తారు కాబట్టి ఈ సవాల్ వాళ్లకు కనబడదు. ఇల్లు బీడీతో నడిచింది. పద్మశాలీ ఆడవాళ్లూ, వాళ్ల పక్కగల్లీలో మన ఆడవాళ్లూ బ్రాంచి నుంచి తునికాకు, తంబాకు, దారం తెచ్చుకుంటారు. ఆకు తడిపి, కత్తిరించి, పొద్దంతా వంగి చుడతారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలీ. బ్రాంచిలో బాగా లేవని పక్కన పడేసిన బీడీలకు కూలీ లేదు. నడుం పోతుంది, కళ్లు పోతాయి, తంబాకు ధూళి ఛాతీలో దిగుతుంది. 1966లో బీడీ కార్మికుల కానూన్ వచ్చింది కానీ, అది ఇంటి గడప దాటి లోపలికి రావడానికి ఈ ఆడవాళ్లు జెండా పట్టాల్సి వచ్చింది.

ఆ జెండా వెనక ఉన్న పేరు నరసయ్య ఆడం. తెలుగు మాట్లాడే మజ్దూర్ ఖాందాన్‌లో పుట్టి, సీపీఎం తరఫున మూడుసార్లు ఎమ్మెల్యే అయిన మనిషి. ఆయన సియాసత్ మీద మీ రాయ్ ఏదైనా ఉండనివ్వండి, ఒక లెక్క మాత్రం మన ముందుంది. షోలాపూర్ పక్కన కుంభారిలో బీడీ చుట్టే ఆడవాళ్ల కోసం 10,000 ఇళ్లు కట్టించారు. 2006 సెప్టెంబరు 1న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చి వాటిని అందజేశారు. తర్వాత రే నగర్‌లో అసంఘటిత కార్మికులకు ఇంకో 15,000 ఇళ్లను 2024 జనవరి 19న ప్రధాని మోదీ ఇచ్చారు. గిర్నీ పోయాక కూడా ఖాందాన్ చెదిరిపోలేదంటే, వెంట వచ్చిన ఆడమనిషి అక్కడ నిలబడి అడిగింది కాబట్టే.

ఖాందాన్ వెంట లేకపోతే ఏమవుతుంది? దీనికి మిసాల్ దూర దేశంలో ఉంది. జంగ్ తర్వాత పశ్చిమ జర్మనీ కార్ఖానాలకు మనుషులు చాలలేదు. ఇటలీ, స్పెయిన్, పోర్చుగల్ నుంచి పిలిపించుకుంది. టర్కీతో 1961 అక్టోబరు 30న మొఆయిదా చేసుకుంది. వాళ్లకు పెట్టిన పేరే 'మెహ్మాన్ మజ్దూర్' అనే అర్థం వచ్చేది. మెహ్మాన్ కదా, భార్యాపిల్లల్ని తెచ్చుకోడు, పని అయ్యాక వెళ్లిపోతాడు అని లెక్క. 1964 సెప్టెంబరు 10న కొలోన్ స్టేషన్‌లో దిగినవాళ్లలో అర్మాండో రోడ్రిగెస్ డి సా అనే పోర్చుగీస్ వడ్రంగిని పదిలక్షలో మెహ్మాన్‌గా ఎంచి, మైకులో పేరు పిలిచారు. వాపస్ పంపుతారేమోనని ఆయన గాబరాపడ్డాడట. పూలూ, ఒక మోపెడ్ చేతికిచ్చి ఫొటో తీశారు. భార్యాపిల్లలు ఊళ్లోనే ఉన్నారు. కొన్నేళ్ల కష్టం తర్వాత కడుపులో కేన్సర్ అని తేలింది. ఊరికి వచ్చేశాడు, కూడబెట్టినదంతా ఇలాజ్‌కే పోయింది. జర్మనీలో కట్టిన బీమా నుంచి ఆ ఖర్చు రాబట్టుకునే హఖ్ తనకుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. 1979లో పోయాడు. మోపెడ్ మాత్రం బాన్ మ్యూజియంలో భద్రంగా ఉంది.

1973 నవంబరులో జర్మనీ కొత్త మజ్దూర్లను తీసుకోవడం బంద్ చేసింది. సర్కారు అనుకున్నది ఒకటి, జరిగింది ఒకటి. ఒకసారి ఊరికెళితే మళ్లీ రానివ్వరేమో అన్న భయంతో టర్కీవాళ్లు చాలామంది అక్కడే ఉండిపోయి, భార్యాపిల్లల్నే పిలిపించుకున్నారు. మెహ్మాన్లు మకీన్లయ్యారు.

మన గల్ఫ్ మజ్దూర్‌కు ఆ దారి కూడా లేదు. అతని జీతానికి ఫ్యామిలీ వీసా రాదు. అర్మాండో లాగే ఒక్కడే పోతాడు, భార్య ఇక్కడ ఫోన్ కోసం ఇంతెజార్ చేస్తుంది. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకుని వెళ్లే ప్రతివాడికీ 'ప్రవాసీ భారతీయ బీమా యోజన' తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375. ఏజెంటు కాయితాల మధ్య ఆ పాలసీ ఉంటుంది. అందులో నామినీగా తన పేరే ఉందని తెలియని భార్యలు మన మొహల్లాల్లో ఇంకా ఉన్నారు.